ఢిల్లీకి వెళ్ళిన ఆమె ప్రశ్న

మా ఎంపీ గారి విశాఖ ఆఫీసు పాత పట్టణంలో ఒక అత్తరు దుకాణం మీది మేడగదిలో ఉండేది. కింద సాయిబు గారు దుకాణం తెరవగానే మెట్ల నిండా పరిమళం పరుచుకునేది. జనం తెచ్చే అర్జీలు చదివి, పార్లమెంటులో అడగదగ్గవాటిని ఇంగ్లీషులో ప్రశ్నలుగా రాసి ఢిల్లీకి పంపడం నా పని. గోపాలపట్నం నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా ఆయన సరుకు ఓడల్లో ఇంజినీరు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ మీదే ఉండేవారు. ఖాళీ ఇంట్లో కూర్చోవడం కన్నా ఆ మేడగదే నాకు హాయిగా ఉండేది.

ఒక వానాకాలం ఉదయం ఆమె వచ్చింది. చేపల రేవులో చేపలమ్మే మనిషి, నాకంటే కాస్త పెద్ద. ఇక్కడ వేట సరిగా లేక ఆమె భర్త గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి కుదిరాడట. ఒక వేటలో బోటు సరిహద్దు దాటిందని పొరుగుదేశం వాళ్ళు అందరినీ పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ సంగతి బోటు యజమాని ఫోన్‌లో చెప్పాడు. తర్వాత ఏ కబురూ లేదు. ఆఫీసులన్నీ తిరిగి తిరిగి, చివరికి మా మెట్లెక్కింది.

"బతికున్నాడో నేదో, అదొక్కటీ అడిగించండమ్మా. మిగతాది నాను సూసుకుంటాను" అంది.

ఎంపీ గారు సభలో గొంతు పెంచే మనిషి కారు. ప్రశ్నలు మాత్రం వదలకుండా వేసేవారు. రేవులో లేచే బొగ్గు దుమ్ము గురించి, కూర్మన్నపాలెం రోడ్డు గురించి, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ గురించి అడిగేవారు. చాలా వాటికి 'పరిశీలనలో ఉంది' అనే జవాబు వచ్చేది. ఆయన మళ్ళీ అడిగేవారు. ఈమె సంగతి ఫోన్‌లో చెప్పగానే, బోటులో ఉన్నవాళ్ళందరి పేర్లూ యజమాని నుంచి తెప్పించమన్నారు. ప్రశ్న మొదటి భాగంలోనే వాళ్ళు క్షేమమేనా అని అడగమన్నారు.

సభలో మంత్రి లేచి నోటితో జవాబు చెప్పే ప్రశ్నలను లాటరీ తీసి ఎంపిక చేస్తారు. ఆ సమావేశాల్లో మాది రాలేదు. కాగితం మీద జవాబు వచ్చింది. విషయం ప్రభుత్వం దృష్టిలో ఉందనీ, పొరుగుదేశంతో మాట్లాడుతున్నామనీ, ఇంటివాళ్ళకు కబురెందుకు చెప్పలేదన్న చివరి భాగానికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అనీ ఉంది. ఆమెకు తెలుగులో చదివి వినిపించాను.

"ఉత్పన్నం కాదంటే ఏటమ్మా?"

"అది అడగాల్సిన అవసరమే లేదని, అక్కా."

"నాకుంది కదా అవసరం" అంది.

అప్పటి నుంచి పనున్నా లేకపోయినా వచ్చేది. బేరం అయ్యాక ఖాళీ తట్ట మెట్ల కింద పెట్టి, పైకొచ్చి బెంచీ మీద కూర్చునేది. మా ఆయన ఏ సముద్రం మీద ఉన్నారని అడిగేది. నేను రేవు పేరు చెబితే, అక్కడ ఎండా వానా ఎలా ఉంటాయని అడిగేది. ఒకరోజు ఆమె ఉండగానే ఆయన వీడియో కాల్ చేశారు. తర్వాత మాట్లాడదామని పక్కన పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని ఆయన ముఖం చాలాసేపు చూసింది. "అన్నం తిన్నారా బాబూ" అని మాత్రం అడిగి నాకిచ్చేసింది. ఆ రోజు మా ఆయనతో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆమే గుర్తుంది.

తర్వాతి సమావేశాల్లో లాటరీలో మా ప్రశ్న వచ్చింది, కానీ ఆ రోజు వరుసలో బాగా కింద. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. సాయిబు గారు కూడా దుకాణం వదిలి పైకొచ్చారు. టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. పై ప్రశ్నలు రెండో మూడో అయ్యాయో లేదో, వేరే విషయం మీద సభలో గొడవ మొదలైంది. సభ వాయిదా పడింది. మళ్ళీ కూడేసరికి ప్రశ్నల సమయం దాటిపోయింది. మా ప్రశ్నకు కాగితం మీది జవాబు సభ ముందు ఉంచినట్టే లెక్క.

ఇక మా ప్రశ్న రాదని ఆమెకు నచ్చజెప్పాల్సి వచ్చింది. "మా ఆయన పేరు ఒకపాలి వినపడతాదనుకున్నాను" అంది. టీవీ ఆపవద్దని, ఇంకాసేపు కూర్చుంది.

ఈ మాట నేను ఎంపీ గారికి చెప్పాను. ఆ వారంలోనే జీరో అవర్‌లో ఆయనకు కాస్త సమయం దొరికింది. ఆమెను పిలిపించి మళ్ళీ టీవీ పెట్టాను. ఎప్పుడూ ఇంగ్లీషులో మాట్లాడే మనిషి ఆ రోజు తెలుగులో మొదలుపెట్టారు.

"అధ్యక్షా, వీళ్ళు బతికున్నారో లేదో ఇంట్లో వాళ్ళకు తెలియాలి. ముందు పేర్లు చదువుతాను" అన్నారు.

సమయం అయిందని గంట మోగింది. ఆయన చదువుతూనే ఉన్నారు. నాలుగో పేరో అయిదో పేరో వచ్చినప్పుడు, "అదే, మా ఆయనే" అంది ఆమె, పక్కనున్న నాకు కూడా సరిగా వినపడనంత నెమ్మదిగా.

కొన్నాళ్ళకు అందరూ క్షేమంగా ఉన్నారని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ఆ తర్వాత చాలా కాలానికి గానీ విడుదల చేయలేదు. అతను రైలు దిగిన రోజు నేను స్టేషన్‌కు వెళ్ళాను గానీ దూరంగానే నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. ఆ తర్వాత మా ఆఫీసుకు రాలేదు. రావలసిన పని ఏముంది? అయినా సాయంత్రాలు మెట్ల మీద అడుగుల చప్పుడైతే తలెత్తి చూసేదాన్ని. మా ఆయన సెలవు మీద ఇంటికొచ్చిన రోజుల్లో కూడా, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది నాకు.

ఎన్నికల్లో ఎంపీ గారు ఓడిపోయారు. ఆఫీసు ఖాళీ చేశాం. నేను మధురవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. మొన్న చలికాలంలో అక్కడే, అపార్ట్‌మెంట్ల మధ్య టిఫిన్ బండి దగ్గర ఆమె కనిపించింది. నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. వెనకాల అతను చట్నీ కలుపుతున్నాడు. సముద్రం కనిపించే చోట ఉండనన్నాడట, అందుకే ఇంత దూరం వచ్చేశారు.

ఆమె గొంతు తగ్గించి అడిగింది. "రేవులో కవళ్ళ సేపలు పడతన్నాయామ్మా? నాను సూసి ఎన్నాళ్ళయిందో. ఆయన్ని ఒదిలి ఎల్లనేను. నువ్వెళ్తే ఒకపాలి సూసి సెప్పు."

ఆదివారం ఉదయం రేవుకెళ్ళాను. సోమవారం బండి దగ్గర నిలబడి చూసినదంతా చెప్పాను. కవళ్ళు తట్టల నిండా ఉన్నాయనీ, ఆమె కూర్చునే చోట ఇప్పుడు ఒక ముసలమ్మ కూర్చుంటోందనీ చెప్పాను. ఆమె దోసెలు తిప్పడం ఆపకుండా వింది. అతను మావైపు వీపు పెట్టి గిన్నెలు కడుగుతున్నాడు, వింటున్నాడని నేను అనుకోలేదు.

"గాలి ఎటుందమ్మా?" అన్నాడు, తల తిప్పకుండానే.

తూర్పు గాలి అన్నాను. అతను గిన్నె బోర్లించి, మరొకటి అందుకున్నాడు. ఆమె పెనం మీద నీళ్ళు చల్లి, నా ప్లేటులో ఇంకో దోసె వేసింది.