అందరూ బోయీలే

మా బస్సు ఘాట్ రోడ్డు మీద సగంలో ఆగిపోయింది. పై మలుపులో చెట్టు కూలి రోడ్డుకు అడ్డంగా పడిందని, కోసే మిషను కింది ఊరి నుంచి రావాలని చెప్పి కండక్టరు ఖాళీ సీటు మీద కాళ్ళు చాపుకున్నాడు. ఈ ఇడుక్కి కొండల్లో చాలా వానాకాలాలు గడిపినవాణ్ణి గనక నేను గొడుగు తీసుకుని దిగాను. వానలో ఆగిన బస్సు లోపలి వాసన కన్నా వానే నయం.

రోడ్డు పక్కన మిరియాల తీగ అల్లుకున్న పెద్ద సిల్వర్ ఓక్ చెట్టు. దాని మీది నుంచి ఒక మనిషి దిగుతున్నాడు. చంకలో మూరెడు ప్లాస్టిక్ గొట్టం, గొట్టానికి అరచేతంత సోలార్ పలక. కాలు నేలకి ఆనగానే తుపుక్కున ఉమ్మి నావైపు తిరిగాడు.

"చెట్టు మీద చచ్చిన పిల్లి ఉంటే దించమా సారే? దించాను."

అప్పుడు గుర్తుపట్టాను. ఔతకుట్టి. ఒకప్పుడు ఈ కొండలన్నిటికీ టీవీ కేబుల్ లాగినవాడు. నేను అద్దెకున్న గదికీ లాగాడు. కేబుల్ వ్యాపారం పోయాక యాలకుల తోట చూసుకుంటూ ఈ రేడియో పెట్టెల పిచ్చిలో పడ్డాడని విన్నాను.

ఎదురుగా ఏలియామ్మ టీ కొట్టు. పెద్దావిడ గనక ఊరంతా చేడత్తి అంటారు. ఇద్దరం వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ అడగకుండానే పాలు లేని కట్టన్ చాయ, ఉడికించిన కర్రపెండలం, నూరిన పచ్చిమిరపకాయ ముందు పెట్టింది. ఔతకుట్టి గొట్టాన్ని ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకున్నాడు గానీ దాన్ని చూసే చూపు మాత్రం పసిబిడ్డను చూసేది కాదు.

ఆ గొట్టంలో ఉన్నది చిన్న రేడియో. దానికి సిమ్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. ఫోనులో నాలుగు మాటలు రాస్తే ఈ పెట్టె పక్క కొండ మీది పెట్టెకు విసురుతుంది, అది ఆ పై కొండకు. మాట వెంట మూడే గెంతులుంటాయి. మూడూ అయిపోయాయా, మాట గాలిలోనే చచ్చిపోతుంది. కొండలు విరిగిపడి టవర్లు కూలిన ఏడాది ఔతకుట్టి వీటిని తెప్పించి తనకొకటి, అవతలి లోయలో ఒంటరిగా ఉండే అక్క త్రేస్యకొకటి ఇచ్చాడు. మధ్యలో కొండ భుజం అడ్డొస్తుంది గనక మూడోదాన్ని ఈ ఓక్ చెట్టు కొసన కట్టాడు. త్రేస్య తోట వదిలి రానంటుంది. సాయంత్రం చర్చి గంట మోగాక, ప్రార్థన చేసుకుని ఒక్క మాట పంపుతుంది: ఉన్నాను. ఆ మాట వచ్చాకే తమ్ముడు అన్నం ముందు కూర్చుంటాడు.

ఇది చూసి ఊరివాళ్ళకూ ముచ్చట పుట్టింది. ఒక బృందం తయారైంది. యాలకుల వేలం నడిపే కురియాకోస్ దానికి అధ్యక్షుడు. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, మన్నించాలి. నేను తిరిగిన ప్రతి చోటా ఒకటి గమనించాను. మనిషికి మాట పంపడానికి కొత్త దారి దొరికితే, మొదటి రోజు ప్రాణం కాపాడే కబురు పంపుతాడు. రెండో రోజు నుంచి చెత్త పంపుతాడు. తాగే బావి గట్టు మీద కూర్చుని అందులోనే పుక్కిలించి ఉమ్మేవాళ్ళను ఎడారి ఊళ్ళలో కూడా చూశాను.

ఇక్కడా అంతే. శుభోదయాలు, పువ్వు బొమ్మలు, మిరియాల ధర, ఎవరి మనవడికో పుట్టినరోజు దీవెనలు. అది భరించవచ్చు. అసలు రోత వేరే. పెట్టెల్లో రెండు రకాల అమరికలుంటాయి. మామూలు పెట్టె అణిగిమణిగి వింటుంది, అవసరమైతేనే మాటను ముందుకు పంపుతుంది. కొండ కొసన ఉండే పెట్టెను మాత్రం పెద్ద పెట్టెగా అమర్చాలి. అది విన్నదల్లా అందరికన్నా ముందు తిరిగి విసురుతుంది. ఓక్ చెట్టు మీదిది అలాంటిది. కురియాకోస్‌కు ఇది తెలిసి ఔతకుట్టిని ఇంటికి పిలిచి, అప్పం, బాతు కూర పెట్టి, తన పెట్టెనూ పెద్దదిగా మార్చమన్నాడు. ఆ పెట్టె ఉండేది పల్లంలో, గోతిలాంటి ఇంట్లో, వరండాలో, చేపల తొట్టి వెనకాల. తిన్నవాడు కాదనలేక మార్చాడు. కురియాకోస్‌ది మార్చాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ప్రతి ఇంట్లో ఒక విందు, ప్రతి ఇంట్లో ఒక పెద్ద పెట్టె.

అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని మన సామెత. ఇక్కడ అది తిరగబడింది. అందరూ బోయీలే. ఒకే పల్లకీని తలా ఒక వైపు లాగారు.

కిందటి నెల వానలో త్రేస్య పశువుల పాకలో జారి పడింది. తుంటి కదల్లేదు. కొంగులో ఉన్న ఫోను తీసి, పడ్డాను రా, అని రాసింది. ఆ సాయంత్రం కురియాకోస్ మనవడికి చర్చిలో తొలి ప్రసాదం వేడుక. గాలినిండా దీవెనలే. వాటి మధ్య ఓక్ పెట్టె చెవికి ఆ మాట సరిగ్గా ఆనలేదు. గోతుల్లోని పెద్ద పెట్టెలు దాన్ని అందుకుని, ఒకదానికొకటి విసురుకుని, ఉన్న మూడు గెంతులూ అక్కడే గెంతేశాయి. తమ్ముడి ఫోనులోకి చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి గానీ అక్క మాట రాలేదు. గంట కొట్టాక ఉన్నాను అన్న మాటా లేకపోయేసరికి, వాన కదా, పెట్టె తడిసి ఉంటుందనుకున్నాడు. పాల డబ్బా కోసం తెల్లారి వచ్చినతను చూసేదాకా ఆవిడ పేడలో పడి ఉంది.

"ఆవు నాకుతూ కూర్చుందిట రాత్రంతా. ఆవుకున్న బుద్ధి నాకు లేకపోయింది," అన్నాడు ఔతకుట్టి. పెండలం ముక్క తుంచి నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ ఆకులో పెట్టేశాడు.

అక్క బతికింది. కర్ర పట్టుకుని నడుస్తోంది, తోట మాత్రం వదలదు. బృందం సమావేశంలో ఔతకుట్టి నిలబడి, అందరూ పెట్టెలను మామూలుగా మార్చుకోమని అడిగాడట. ముందు మీరు మార్చండంటే మీరు మార్చండన్నారు. ఊరి ఇళ్ళలో మొదటి పెద్ద పెట్టె తనదే గనక అది చరిత్ర అన్నాడు కురియాకోస్. ఆ తరవాత తీర్మానించిందేమిటంటే, వానల్లో చేసిన సేవకు ఔతకుట్టికి పొన్నాడ శాలువా కప్పి సన్మానం. అది ఈ రోజే, చర్చి హాల్లో.

"సన్మానానికి వెళ్ళకుండా చెట్టెక్కావా?" అన్నాను.

"ఆ శాలువా కప్పుకుంటే ఒంటికి పేడ వాసన అంటుకుంటుంది సారే."

అతని ఆలోచన ఇది. ఓక్ పెట్టెను దించి, జీపులో పై మలుపు దాటి శిలువ కొండ మీద నీళ్ళ ట్యాంకుకు కట్టడం. అక్కడి నుంచి అక్క ఇల్లూ తన ఇల్లూ రెండూ కనిపిస్తాయి. వేరే అమరికలో, వేరే తాళంతో, అక్కా తమ్ముడూ తప్ప ఇంకెవరూ లేకుండా. మిగతావాళ్ళు ఆ గోతుల్లో ఒకరి చెవిలో ఒకరు ఊదుకోవచ్చు. పెట్టె దించాక తెలిసింది, పైన చెట్టు పడి జీపులు కదలడం లేదని.

ఏలియామ్మ చేడత్తి గ్లాసులు కడుగుతూ అడిగింది.

"నీ అక్కా నువ్వూ సరే. ఎగువ లైన్ ఇళ్ళలో తంకచ్చన్ పెళ్ళానికి నెలలు నిండాయి. దాని పెట్టె కూడా ఈ ఓక్ మీదుగానే కదరా మాట్లాడేది?"

"దాని మొగుడి పెట్టె కూడా పెద్ద పెట్టే చేడత్తీ. నేనే మార్చి ఇచ్చాను. చేపల వేపుడు పెట్టారు."

"వేపుడు చేసి పెట్టింది అది కదా, వాడు కాదు కదా."

అతను జేబులోంచి ఫోను తీశాడు. ఫోను అదే పనిగా గుర్రుమంటోంది. ఊరి పెట్టెలు దగ్గరే గనక ఒళ్ళోని గొట్టానికి అందుతున్నాయి. నాకు చూపించాడు. ఔతచ్చాయన్‌కు, అంటే మన ఔత అన్నకు, అభినందనలు. అభినందనలు. పూలు, చప్పట్లు, మళ్ళీ అభినందనలు. సన్మానం పొందాల్సినవాడు హాల్లో లేడని కూడా ఎవరూ గమనించినట్టు లేదు. నాకు నోట్లో చాయ చేదెక్కింది.

కింది నుంచి చర్చి గంట వినపడింది. ఏలియామ్మ శిలువ గురుతు వేసుకుంది. ఔతకుట్టి కూడా చెయ్యి నుదుటి దాకా ఎత్తి, సగంలో ఆపి, ఫోను వైపు చూశాడు. ప్రార్థన పట్టినంతసేపు చూశాడు. ఇంకొన్ని పూలు వచ్చాయి. తడి గొట్టం మీద బొటనవేలు నెమ్మదిగా రుద్దుతూ కూర్చున్నాడు. శిలువ కొండకు నడిచి వెళ్తే చీకటి పడుతుంది. ఓక్ చెట్టు రోడ్డు అవతలే ఉంది.

"అక్క కబురు మోసే పెట్టెనే ఒళ్ళో పెట్టుకుని కబురు కోసం చూస్తున్నాడు చూడండి," అంది ఏలియామ్మ నాతో. వెక్కిరింతగా మొదలుపెట్టింది గానీ చివరికి గొంతులో అది మిగల్లేదు.

ఔతకుట్టి లేచాడు. చాయ అలాగే ఉంది. అభినందనల మీద అభినందనలు పడుతున్న ఫోనును జేబులో కుక్కి, గొట్టాన్ని చంకలో ఇరికించి, నావైపు గానీ ఆవిడవైపు గానీ చూడకుండా వానలోకి దిగి, రోడ్డు దాటి, ఓక్ చెట్టు వైపు నడిచాడు.