బతికుండగానే చావు పద్యం

తొంభైలలో ఒమాన్‌లో మస్కట్ నుంచి సోహార్‌కు కంపెనీ వ్యానులో వెళ్తుంటే నా పక్కన ఒక మెక్సికో కవి కూర్చున్నాడు. సొంత దేశంలో పత్రికా సంపాదకుడు, ఇక్కడ కంపెనీకి అనువాదకుడు. కవిత్వం అక్కడా కూడు పెట్టదని తెలిసి మహా సంతోషించాను.

ఏటా చనిపోయినవాళ్ల పండక్కి, బతికున్న మిత్రులు పోయినట్టు ఎగతాళి పద్యాలు రాసి అచ్చేస్తాడట. అదొక గౌరవమట!

మన దగ్గర ఒక తెలుగు పత్రికకు నేనూ సంపాదకుణ్ణే కదా, "మా పత్రికలో అలాంటి అనాచారం లేదు," అన్నాను గొప్పగా. "బతికున్న కవిని మేం పట్టించుకోం. పోయాక ప్రత్యేక సంచిక వేసి మహాకవి అంటాం."

ఆయన మర్యాదగా కిటికీ బయటికి చూశాడు.

ఏమిటా సంగతని అడిగిన కరీంనగర్ డ్రైవర్ రాజయ్యకు అంతా తెలుగులో చెప్పాను.

"నన్నయితే గిప్పుడే తిట్టమను సార్. పోయినంక పొగిడితే నాకెట్ల ఇనవడ్తది?" అన్నాడు.