సన్నాయి రికార్డు రెండో వైపు

ఆ రోజుల్లో పాశమైలారంలో ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికితే చాలు, ఇక లోకంలో మనకు తెలియనిదేమీ లేదన్న ధీమా వచ్చేసేది. నాకైతే చేరిన మూడో వారానికే వచ్చింది. గాజు గొట్టాలను అసిటోన్‌తో కడిగితే నిమిషంలో తళతళలాడేవి. (కడగడం తప్ప నాకింకే పనీ అప్పగించలేదన్న సంగతి ఇంట్లో చెప్పలేదు.)

మా మేనమామకు లక్డారంలో మైక్ సెట్టు ఉండేది. చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆయన సన్నాయి రికార్డుతోనే మొదలయ్యేది. అప్పటికే పటాన్‌చెరు కుర్రాళ్లు సీడీలు పట్టుకొచ్చి ఆయన బేరాలన్నీ తన్నుకుపోతున్నారు. "ఇంకెన్ని దినాలు మామా గీ గరగర? నీ రికార్డుల పని అయిపోయింది" అని నేనూ ఓ రాయి వేసేవాణ్ణి. "గరగర గాదురా, ముల్లు నడిచే సప్పుడది" అనేవాడు. మా అక్క పెళ్లి కుదిరినప్పుడు మాత్రం ఒక్కటే కోరాడు. "నా కోడలు పెండ్లిల ముందుగాల గా సన్నాయే మోగాలె. ఎన్కసిరి మీ సీడీలు ఏమన్న పెట్టుకోండ్రి."

పెళ్లికి ముందురోజు మామ పందిట్లో వైర్లు లాగుతున్నాడు. ఆ రికార్డును సీడీలా మెరిపించి ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని, ల్యాబ్ నుంచి తెచ్చిన చిన్న అసిటోన్ సీసా తీసి, దూది తడిపి శ్రద్ధగా తుడిచాను. దూది నల్లబడింది. మురికి వదులుతోందని మురిసిపోయి ఇంకాస్త రుద్దాను. తీరా ముల్లు పెట్టి చూద్దును కదా, సన్నాయి లేదు. ఇసుకలో చెప్పులీడ్చిన చప్పుడు. దూదికి అంటింది మురికి కాదు, అసిటోన్‌కు కరిగిన రికార్డే.

మామ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రికార్డును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"రెండు దిక్కులు తుడిచినవా అల్లుడా?"

"లేదు మామా. దూది అయిపోయింది."

"బతికిచ్చినవ్ పో" అని, రికార్డు తిప్పి ముల్లు పెట్టాడు. ఇన్నేళ్లలో ఆయన ఏ పెళ్లిలోనూ వేయని వైపు అది. అక్కడా సన్నాయే, కాకపోతే కొంచెం నెమ్మది. మామ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

మర్నాడు పందిట్లో ఎవరో అడగనే అడిగారు, "ఏందే, ఇయ్యాల వేరే సన్నాయి వెట్టినవ్?" అని. మామ నావైపు చూడనైనా చూడకుండా, "అందరి పెండ్లిల మోగిందే నా కోడలు పెండ్లిల మోగాల్నా?" అన్నాడు. అక్క మొహం ఎంత వెలిగిపోయిందో! ఆయన బతికున్నన్నాళ్లూ నా నిర్వాకం మూడో చెవిన పడలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాక, మా అమ్మాయి ముచ్చటపడి కొత్తగా అచ్చేసిన రికార్డు ఒకటి కొనుక్కొచ్చింది. పని అయిపోయిందన్నాను గదా, ఆ రికార్డే! మామ పోయాక మా ఇంటికి చేరిన ఆయన సన్నాయి రికార్డును కూడా అటక మీంచి దింపి నా చేతికివ్వబోయింది.

"నాన్నా, దుమ్ము పట్టింది. జెర తుడువవా?"

నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

"నువ్వే తుడువమ్మా. పొడి బట్టతో."

"గంత పెద్ద ల్యాబ్ నడిపినవు, గిది తుడువ రాదా?"

"రాదు బిడ్డా" అన్నాను, హాయిగా.