ఈరన్న మోకాలు, గురునాథ్ కప్పు

సూగప్ప కబడ్డీ కూత ఎత్తుకుంటే విద్యుత్ కేంద్రం పొగగొట్టాల్లోంచి బయటికొచ్చిన పొగ మళ్లీ లోపలికి పోయేది. నమ్మనివాళ్లు రాయచూరు పక్కన మా చిక్కసూగూరు వచ్చి నన్ను అడగండి. ఆ పొగకు బాయిలర్ దగ్గర దగ్గిన ఇంజినీర్ల పేర్లు కూడా చెబుతాను.

అంతటి మనిషి కిరాయికి ఆడి బతికేవాడు. తొంభైల మొదట్లో కేంద్రం చుట్టూ ఉన్న బొగ్గు, బూడిద కాంట్రాక్టర్లు తలా ఒక జట్టు పెట్టుకున్నారు. గేటు పాసు ఉన్న కార్మికులే ఆడాలని పోటీల నియమం. పాసులున్నవాళ్లకు పొట్టలు తప్ప ఆట లేదు. అందుకని బయటి ఆటగాళ్లను మాట్లాడుకుని, పాసులున్నవాళ్ల పేర్లతో బరిలోకి దించేవాళ్లు. సూగప్ప ఒక్క ఏడాదిలో నలుగురి పేర్లతో ఆడాడు. అందులో ఒకాయనకు యాభై ఆరేళ్లు. ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాతదంతా రోత.

బూడిద లారీల కాంట్రాక్టర్ గురునాథ్ జట్టులో ఈరన్న అనే ఆటగాడు స్టోరు గుమస్తా లోకేశ్ పేరుతో ఫైనల్ ఆడాడు. అవతలివాడి కాలు పట్టబోయి మోకాలు మెలితిరిగి పడిపోయాడు. గురునాథ్‌కు కప్పు వచ్చింది. కాగితంలో మాత్రం దెబ్బ తగిలింది లోకేశ్‌కు. ఆ సమయానికి లోకేశ్ గట్టు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. మూడు వారాల సెలవు దొరికేసరికి మోకాలికి పట్టీ చుట్టుకుని కాలనీలో కుంటడం మొదలుపెట్టాడు. పరామర్శకు వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు. సిగ్గులేని మనిషి, అవీ తిన్నాడు. వారం తిరక్కుండానే ఏ కాలితో కుంటాలో మరిచిపోయాడు.

ఈరన్నేమో తన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. పోటీల బీమా మీద ఆపరేషన్ జరగాలంటే, దెబ్బ తగిలింది ఇతనికేనని గురునాథ్ రాసివ్వాలి. రాసిస్తే బయటివాణ్ణి ఆడించినట్టు ఒప్పుకున్నట్టే. కప్పు పోతుంది.

కిరాయి ఆటగాళ్లకు ఒక సంఘం ఉండేది. సూగప్పే కార్యదర్శి. గురునాథ్ దగ్గరికి వెళ్లాడు. గురునాథ్‌ది కాలువ కింద సేద్యానికి వచ్చి స్థిరపడిన ఆంధ్ర కుటుంబం.

"చూడు సూగప్పా, మీవాడు మా కాయితాల్లోనే లేడు. లేనివాడికి దెబ్బెలా తగులుద్దయ్యా?"

"లేనోడు ఆడితె కప్పెట్ల వచ్చె సారూ?"

"కప్పు జట్టుది. మోకాలు అతనిది."

ఆ కప్పు నేను చూశాను. పూత లేచిపోయింది. లోపల ఎవరో కాల్చిన అగ్గిపుల్లలు వేశారు. దానికోసం ఒక మనిషి కాలు.

సంఘం కూర్చుంది. "మనం ఆడకుంటె వేరేటోళ్లను పట్కొస్తరు గదన్నా," అన్నాడు అయ్యప్ప అనే ఆటగాడు.

"బరిలకు పోదాం. పేర్లు మాత్రం మనయే చెప్దాం," అన్నాడు సూగప్ప.

తర్వాతి పోటీల మొదటి రోజు ఆటగాళ్లను వరుసగా నిలబెట్టారు. ముఖ్య అతిథి ఒక్కొక్కరి పేరు అడిగి చెయ్యి కలపడం ఆనవాయితీ. పక్కనే మైకు.

"నీ పేరు?"

"సూగప్ప. కాయితంల పేరున్నాయన ఇంట్ల పండుకున్నడు. నేను కిరాయి ఆటగాణ్ణి."

అతిథి చెయ్యి గాల్లోనే ఆగింది. రెండు జట్లలో పద్నాలుగు మందీ అలాగే సొంత పేర్లు చెప్పారు. ఆ దెబ్బకు అతిథి మెడలో దండ దానంతటదే జారి కింద పడింది. ఆట రద్దయింది. ఇక విచారణ జరిగితే తమ కప్పులూ పోతాయని మిగతా కాంట్రాక్టర్లు హడలిపోయి, సంఘం నోరు మూయించడానికి గురునాథ్ చేత బలవంతంగా రాయించారు. ఒక్కడికైనా ఈరన్న మీద జాలి కలిగిందనుకుంటే పొరపాటు. నాలుగో రోజు కాగితం చేతికొచ్చింది. రాయచూరులో ఆపరేషన్ అయింది. ఈరన్న ఇప్పుడు లేడిలా దూకుతున్నాడు.

ఇదంతా రాసి సూగప్పకు చదివి వినిపించాను. ఆయన బీడీ ఆర్పి అన్నాడు:

"పద్నాలుగు మంది గాదు. నాతోటి ఐదుగురం. మిగిలినోళ్లు కాయితంల పేరే చెప్పి చెయ్యి కలిపిండ్రు. ఈరన్న మోకాలు సగమే మడుస్తది. కింద కూసోలేడు."