బాబాయికి ముందు సీటు, చేపపిల్లలకి గాలి

ఆ రోజుల్లో ఏ వస్తువునీ ఉన్నదున్నట్టు వాడుకోవడం నాకు చేతనయ్యేది కాదు. ఫ్యాను చక్కగా తిరుగుతుంటే విప్పి చూడాలనిపించేది (విప్పాక మళ్లీ తిరగకపోవడం వేరే సంగతి). అందుకే మా బాబాయి నన్ను ఇంజినీరు అని పిలిచేవాడు. నేను చదివింది ఐటీఐ, అదీ మొదటి ఏడాదే. ఇద్దరం కలిసి పెంటపాడులో ఒక పాత పికప్ బండి కొని, ఏలూరు అవతల ఫారంలో చేపపిల్లల్ని ఎత్తి కొల్లేటి చెరువులకి చేరవేసేవాళ్లం. నేను డ్రైవర్ని. బాబాయి వెనకాల రెండు పెద్ద నీళ్ల డ్రమ్ముల మధ్య కూర్చుని, ఒక్కో చెయ్యి ఒక్కో డ్రమ్ములో పెట్టి దారి పొడవునా నీళ్లు కదుపుతూ ఉండేవాడు. కదిపితేనే నీళ్లకి గాలి తగిలి పిల్లలు బతుకుతాయి. ఎండైనా వానైనా రెండు గంటలు అదే పని. ఆ ఏడు ఆయనకి కుడి భుజం పట్టేసింది. అన్నం కలుపుకోవడానికి కూడా మూలుగుతుంటే నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

బండికే ఒక కంప్రెసరు బిగిస్తే? ఇంజను తిరిగినంతసేపూ గాలి తయారవుతుంది, దాన్ని గొట్టాలతో డ్రమ్ముల్లోకి వదిలితే బాబాయి దర్జాగా ముందు సీట్లో కూర్చోవచ్చు. ఈ ఆలోచన వచ్చిన పూట నాకు అన్నం సహించలేదు. తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర పాత కారు ఏసీ కంప్రెసరు ఒకటి పడి ఉంది. రెండు రోజులు ఆయన్ని ఊపిరి తిప్పుకోనివ్వకుండా దాన్ని ఇంజను పక్కన బిగించి, బెల్టు వేసి, బండి కింద గాలి ట్యాంకు కట్టించాను.

"ఇది నూనె తాగే మిషనండి," అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. "గాలితోపాటు కాస్త నూనె కూడా కక్కుద్ది. టైర్లకైతే నిక్షేపంగా పనికొస్తుందండి. ఇంకెందుకన్నా వాడాలంటే మాత్రం నాతో ఓ మాట చెప్పండి."

"అలాగేనండి," అన్నాను. ట్యాంకు మీటర్లో ముల్లు పైకి లేస్తుంటే నాకు నూనె మాట ఎక్కడ వినిపిస్తుంది? ఆ సాయంత్రం మా వీధిలో గాలి లేని టైరంటూ మిగల్లేదు. పాస్టరు గారు "ఉందయ్యా, సరిపడా ఉంది" అని మొత్తుకుంటున్నా వినకుండా ఆయన స్కూటరుకి కూడా ఇంకాస్త కొట్టాను.

మర్నాడు మండవల్లి దగ్గర ఒక పెద్ద రైతుకి మా మొదటి లోడు. పిల్లలు దక్కితే ఆయన చెరువులన్నీ మావే, చస్తే ఆ చుట్టుపక్కల మా మొహం చూసేవాడు ఉండడు. డ్రమ్ముల్లో గాలి బుడబుడలాడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. బాబాయి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, పెళ్లికి బయల్దేరినట్టు. నేను ఈల వేసుకుంటూ నడుపుతున్నాను. ఆయన మాత్రం నిమిషానికోసారి మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. కొల్లేటి గట్టు ఎక్కామో లేదో, "ఒరేయ్, ఆపు" అన్నాడు.

దిగి చూస్తే నీళ్ల మీద ఏడు రంగుల నూనె తెట్టు. దాని కింద వేల చేపపిల్లలు నోళ్లు తెరుచుకుని పైకి పైకి వస్తున్నాయి. బాబాయి గాలి కట్టేసి, తెల్ల చొక్కా విప్పి నీళ్ల మీద పరిచి నూనె అద్ది తీశాడు. నేను కాలవ నుంచి బక్కెట్లతో మంచినీళ్లు మోశాను. సగం నీళ్లు మార్చాక ఆయన బనీనుతోనే డ్రమ్ముల మధ్య కూర్చుని రెండు చేతులూ ముంచాడు. "ఇక పోనీరా ఇంజినీరూ. మెల్లిగా."

చెరువు దగ్గర రైతు పిల్లల్ని దోసిట్లోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు. కొన్ని పోయాయి గానీ చాలామటుకు చలాకీగానే ఉన్నాయి. ఆయన వేళ్లు వాసన చూసుకుని, "ఏవండీ, వేపుడికి నూనె కూడా మీరే పోసుకొచ్చారా? కాస్త పెరగనివ్వకపోయారా అండీ," అన్నాడు. తర్వాత బాబాయి వాచిన భుజం చూసి, "ఈయన వెనక కూర్చుంటేనే రండి. వచ్చే లోడు కూడా మీదే," అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తిరుగుదారిలో బాబాయి తడి బనీనుతో నా పక్కన కూర్చున్నాడు. నేను క్షమించమని గొణిగాను.

"గాలి మిషను పెట్టరా, వద్దన్నానా? మంచిది చూసి పెట్టు. నన్ను మాత్రం ముందుకి తీసుకురాకు."

"ముందు సుఖంగా ఉంటుంది కదా బాబాయ్?"

"సుఖమేరా. వెనక పిల్లలేమైపోతున్నాయో తెలీకుండా ఎలా కూచునేది? పొద్దుట్నించీ వెనక్కి చూసి చూసి, ఇప్పుడు మెడ కూడా పట్టేసింది."

కంప్రెసరు గురించి మెకానిక్‌ని వంద ప్రశ్నలు అడిగిన నేను, బాబాయిని ఒక్కటీ అడగలేదని అప్పుడు తట్టింది. తర్వాత నూనె లేని మిషను పెట్టాం. ఆయన మాత్రం వెనకే కూర్చున్నాడు, బండెక్కే ఓపిక ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు కొత్త బండి, దానికో డ్రైవరు. "ముందుకొచ్చి కూర్చోండి సార్, ఏసీ ఉందండి," అంటాడతను ప్రతిసారీ. "నువ్వు పోనీ, వెనక నేను చూసుకుంటాను," అంటాను. వెనక చూసుకోవాల్సిందేమీ ఉండదు, మిషను తన పని తాను చేసుకుపోతుంది. నాలో నేను నవ్వుకుని, చొక్కా చేతులు మడిచి, రెండు చేతులూ నీళ్లలో పెట్టుకుని కూర్చుంటాను.