నేను చూడని జానెడు కేబులు

దాచేపల్లి అవతల కృష్ణ ఒడ్డున మా రేవులో ఒక పాత తెరచాప పడవ ఉంది. చాప చిరిగిపోయి చాలా కాలమైంది. దానికి ఇంజను బిగించి, పాత సామాన్ల కొట్లో దొరికిన లారీ స్టీరింగు ఒకటి ముందు భాగంలో పెట్టారు. చక్రం నుంచి ఇనుప కేబులు రెండు అంచుల వెంబడి కప్పీల మీదుగా వెళ్ళి వెనకున్న చుక్కానిని లాగుతుంది. ట్రాక్టర్లు బాగుచేసుకునే నాకు నెలకోసారి ఆ కేబులు చూసే పని అప్పగించాడు పడవ యజమాని. అవతలి ఒడ్డుకు మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళంతా మా పేటవాళ్ళే.

పని నేర్పింది సరంగు. నలభై ఏళ్ళు ఆ నీళ్ళలో పడవ నడిపి, ఒక్కరికీ గీత కూడా పడనివ్వని మనిషి. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. కంటికి బాగానే కనిపించే కేబులు లోపల తెగి ఉండొచ్చని చెప్పి, గుప్పెడు పత్తి తీసి దాని పొడవునా రాసి చూపించాడు. ఎక్కడైనా ఒక పోగు తెగి లేచి ఉంటే పత్తి అక్కడ చిక్కుకుంటుంది. కప్పీ గాడిలో ఉన్న జానెడు ముక్క మాత్రం అలా దొరకదు. ఒకరు చక్రాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు పూర్తిగా తిప్పాలి, ఆ ముక్క బయటికొచ్చినప్పుడు ఇంకొకరు రాయాలి. ఎక్కువగా వంగి అరిగేది అదే, నీళ్ళు నిలిచి తుప్పు పట్టేదీ అదే. ఈ పనికి ఇద్దరు కావాలని పదిసార్లు చెప్పాడు.

ఆ నెల నేను ఒక్కణ్ణే చూశాను. ప్రత్తిపాడు నుంచి వచ్చిన ట్రాక్టరు ఒకటి షెడ్డులో ఇంజను విప్పి ఉంది, దాని ఆసామి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. సరంగు గట్టు మీద టీ తాగుతున్నాడు. ఒక్క కేక వేస్తే వచ్చేవాడు. ఆ మాత్రం నాకు తెలియదా అన్న పొగరుతో వేయలేదు. కనిపించినంత మేర పత్తి రాశాను, ఎక్కడా చిక్కుకోలేదు. పైన దట్టంగా గ్రీజు పూసి, అంతా బాగుందని చెప్పి చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాను. గ్రీజు పూస్తే ఎంత పాత కేబులైనా కొత్తదిలాగే ఉంటుంది.

నాలుగో రోజు పొద్దున పడవ నిండా కూలీలు ఉండగా నది మధ్యలో కేబులు తెగింది. పడవ అడ్డం తిరిగి ఒక బండకు కొట్టుకుంది. అంచున కూర్చున్నావిడ కాలు పడవకీ బండకీ మధ్య నలిగింది. మా వెనక వీధిలో ఉంటుందావిడ. గుంటూరు ఆసుపత్రిలో రాడ్డు వేశారు గానీ ఇక వంగి మిరపకాయ కోయలేదు.

కొత్త కేబులు వేయడానికి వెళ్ళి పాతది విప్పాను. కప్పీలో ఉండే చోటే తెగింది. పోగుల్లో మూడు మాత్రమే కొత్తగా తెగి మెరుస్తున్నాయి, మిగతావన్నీ ఎప్పుడో తెగి ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. అటూ ఇటూ చూసి ఆ రెండు కొసలూ కోసి నీళ్ళలోకి విసిరేశాను.

అప్పటికే యజమాని ఒక మాట పుట్టించాడు. సరంగు కంట్లో శుక్లం ఉందట, బండ కనపడక ఆఖరి నిమిషంలో గబుక్కున చక్రం తిప్పాడట, ఆ ఊపుకి తెగిందట. అందరి ముందూ నన్నడిగాడు.

"మొన్నేగా నువ్వు చూసింది. కేబులు బాగుందా లేదా?"

"బాగుందండీ."

"మరి అంత గట్టిగా తిప్పితే తెగుద్దా?"

"తెగుద్దండీ," అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆయన పని పోయింది. పేటలో పిల్లలు కూడా ఆయన్ని గుడ్డి సరంగు అనడం మొదలుపెట్టారు. వారం తర్వాత షెడ్డుకొచ్చి నా పక్కన పాత టైరు మీద కూర్చున్నాడు.

"చక్రం ముందు వదులైందా, బండ ముందు కనపడిందా? అందరూ అట్టా అంటుంటే నాకే తెలీట్లేదురా," అన్నాడు.

ఏది ముందో ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. చెబుదామనే నోరు తెరిచాను. రేపటి నుంచి నా షెడ్డుకి ఎవడు ట్రాక్టరు తెస్తాడని భయమేసింది.

"పోనీలే బాబాయ్, అయిందేదో అయింది," అన్నాను. నా మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం అయ్యాక ఆయన లేచి ముందుకు నడిచాడు. కాలు చాపుకుని గోడ దగ్గర కూర్చున్న ఆవిడ ముందు రెండు చేతులూ జోడించాడు.

"నా కళ్ళు పోయినాయని తెలిసీ చక్రం వదల్లేదమ్మా. తప్పంతా నాదే. నన్ను క్షమించు," అన్నాడు.

ఆవిడ ఏడుస్తూ తలూపింది. పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ పాపాన్ని క్షమించమని ప్రార్థన చేశారు. నేను మూడో వరసలో ఉన్నాను. లేచి నిలబడితే చాలు, ఆయన అక్కడే ఉన్నాడు, ఆవిడ అక్కడే ఉంది, పేటంతా అక్కడే ఉంది. ప్రార్థన ముగిసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.