ఇసకలో దిగబడిన ఎస్టేటు బండి

2016 వేసవి. సాలూరు బైపాసు పక్కన నా షెడ్డుకి అప్పటికి ఇరవై రెండేళ్లు. లారీల ఊరు కాబట్టి నా చేతి కింద బాగుపడినవి ఎక్కువగా లారీలే. అంతమాత్రాన నాకు కార్లు తెలియవని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట ఇంకొకడు అన్నాడు, అదీ నా ఎదురుగానే. అందుకే ఈ సంగతి వివరంగా రాస్తున్నాను.

బజారులో కిరాణా కొట్టు నడిపే గోపాలం గారి భార్య తులసి గారు కొండ మీద ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఘాటు రోడ్డు దాటాక చివరి నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. వానలు మొదలైతే అక్కడ మామూలు కారు నిలబడదు. అందుకని ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా ఆవిడ పైన క్వార్టర్లో ఉండేవారు, పిల్లలిద్దరూ కింద తండ్రి దగ్గర.

"ఈ ఏడాది కూడా నేను పైనే ఉంటే మా చిన్నది నన్ను టీచరుగారూ అని పిలుస్తాది మేస్త్రీగారూ" అన్నారావిడ నాతో. నవ్వుతూనే అన్నారు గానీ, కళ్లు నవ్వలేదు.

రోజూ ఎక్కి దిగాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి. అంటే ఇంజను బలం వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకీ అందడం. వెనకవి జారితే ముందువి లాగుతాయి. కుటుంబమూ కొట్టు సామానూ పట్టేలా పొడుగాటి ఎస్టేటు బాడీ ఉన్న అలాంటి పాత బండి ఒకటి విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ షోరూములో ఉందని తెలిసి, చూసిపెట్టమని నన్ను తీసుకెళ్లారు.

షోరూము మేనేజరు వాళ్లిద్దరికీ కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. నన్ను చూసి "డ్రైవరా?" అన్నాడు. సాలూరులో మెకానిక్‌నని చెప్పాను.

"లారీ మెకానిక్‌కి ఇందులో ఏం అర్థమవుతుందండీ, అంతా ఎలక్ట్రానిక్స్" అన్నాడు. నాతో కాదు, గోపాలం గారితో.

బండి కిందకి దూరి చూద్దామని గోనెసంచి పరిచాను. టైల్స్ మాసిపోతాయి, తీసెయ్యమన్నాడు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉందట, అది చాలట. గంటన్నర సేపు అక్కడ నిలబడే ఉన్నాను. కూర్చోమన్నవాడు లేడు. నేనది మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఇంజను మాత్రం శుభ్రంగా ఉంది. పొగ లేదు, వింత చప్పుడు లేదు. మేనేజరు ఫోర్ వీల్ స్విచ్ నొక్కాడు. డ్యాష్‌బోర్డు మీద పచ్చదీపం వెలిగింది.

"ఎలిగింది కదా మేస్త్రీ, ఇంకేటి?" అన్నారు గోపాలం గారు.

"దీపం ఎలిగింది సావుకారు గారూ. ముందు సక్రం తిరగద్దా?"

మా ఊళ్లో పాత లారీ కొనేవాడు రంగు చూడడు, కాగితం చూడడు. ముందు బండిని వేగావతి ఏటి ఇసకలో దింపుతాడు. ఇసకలోంచి ఎలా పైకొస్తుందో చూశాకే బేరం. విశాఖలో మా ఏరు లేదు. ట్రయల్‌కని బండి తీస్తే, రెండు వీధుల అవతల కడుతున్న ఇంటి ముందు ఇసక గుట్ట కనబడింది. వెనక కూర్చున్న దంపతులిద్దరినీ దిగమన్నాను. మేనేజరు నా పక్క సీట్లోనే ఉన్నాడు. రివర్సు వేసి వెనక చక్రాలు రెండూ ఇసకలోకి దింపేశాను.

"ఏం చేస్తున్నారండీ?"

"మీ ఎలక్ట్రానిక్స్ సూస్తన్నాను."

స్విచ్ నొక్కాను. దీపం వెలిగింది. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు ఇసక చిమ్ముతూ కిందకి దిగబడ్డాయి. రోడ్డు మీద నిలబడి చూస్తున్న తులసి గారు "ముందువి కదల్లేదు మేస్త్రీగారూ" అన్నారు.

గోడ మీద తాపీ పనివాడొకడు పని ఆపి, "ఏటి మావా, కారు ఇసక తింటన్నాదా? ఉండు, సిమెంటు కూడా ఏస్తాను" అన్నాడు.

అక్కడ టైల్స్ లేవు. గోనె పరిచి కిందకి దూరాను. గేరుబాక్సు నుంచి ముందు చక్రాలకి బలం మోసుకెళ్లే పొడుగాటి ఇనప గొట్టాన్ని ఫ్రంట్ ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. అది అసలు లేదు. బోల్టు కన్నాల్లో దుమ్ము గట్టిపడి ఉంది. మైలేజీ పెరుగుతుందని ఎవరో ఎప్పుడో విప్పేశారు.

మేనేజరు వంగి చూశాడు. "మా రిపోర్టులో ఇది రాలేదండీ" అన్నాడు.

"రిపోర్టు రాసినాయన కిందకి దూరలేదు బాబూ. మీ టైల్స్ మాసిపోతాయని."

ఆ క్షణం నాకెంత బాగుందో దాచుకోను. "పదండి, ఇది మనకొద్దు" అని, బండిని ఇసకలోనే వదిలేసి నడిచాను. తులసి గారు కదల్లేదు.

"మీ కోపం బండి మీదా, ఆయన మీదా?" అన్నారు.

నేను గోనెసంచి దులిపి మడతపెట్టాను.

"ఆ షాఫ్టు ఒక్కటీ ఉంటే, మిగతా బండి ఎలా ఉన్నాది?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "బంగారంలాగున్నాది టీచరమ్మా" అన్నాను.

"అయితే బడి తెరిచేలోగా నాకిది కావాలి."

షరతు నేను పెట్టాను. అసలు షాఫ్టు వెతికించాలి, బండి సాలూరు రావాలి, నా చేత్తో బిగించాలి, మా ఏటి ఇసకలో గట్టెక్కాలి, ఆ తరవాతే కొనడం. బండి పాత యజమాని ఇంటి సామాన్ల గదిలో షాఫ్టు దొరికింది. పది రోజులకి మేనేజరే బండితో వచ్చాడు. అతనికి కుర్చీ వేసి, టీ తెప్పించాను. తేడా తెలియాలని నేను మాత్రం నిలబడే ఉన్నాను. షాఫ్టు చివర కీలు అరిగిపోతే కొత్తది వేసి బిగించాను. సాయంత్రం ఏట్లో దింపి స్విచ్ నొక్కితే ముందు చక్రాలు ఇసకని పట్టుకుని, బండిని ఒక్క ఊపున గట్టు మీదకి లాగేశాయి. మేనేజరు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఈ కేసు నాకు నేర్పింది నా గురించే. కుర్చీ వెయ్యలేదన్న కోపంతో ఒక మంచి బండిని చెడ్డదని చెప్పి, ఇద్దరు పిల్లలకి ఇంకో వానాకాలం తల్లి లేకుండా చెయ్యబోయాను. మనిషి మీద కోపం మనిషి మీదే ఉండాలి. బండికి అంటించకూడదు. మనిషి మీద కోపానికి ఉత్తరాలున్నాయి. నన్ను నిలబెట్టిన సంగతి చెప్తూ షోరూము యజమానికి మూడు రాశాను, జవాబు లేదు.

ఆ ఏడాది జూన్ నుంచి అక్టోబరు దాకా తులసి గారు క్వార్టర్లో పడుకున్నది రెండే రాత్రులు. రెండూ ఘాటు రోడ్డు మీద చెట్లు కూలిన రోజులే. బండి ఎక్కలేక ఆగిపోయిన రోజు ఒక్కటీ లేదు. ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని ఆవిడని అడిగాను. నవ్వుకుంటూ రాసిచ్చారు. దాన్ని నాలుగో ఉత్తరానికి జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను.